బండ వేషంలో కొలంబో ప్రయాణం

మా ఆయన ఎన్నడూ ఎవరినీ తిట్టి ఎరగడు. బడిలో అల్లరి చేసే పిల్లకాయలను కూడా "కూర్చో నాయనా" అనేవాడు. అట్లాంటి మనిషి ఒక్కరోజు తిరుపతి రైలు స్టేషనులో, ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, ఊరు ఊరంతా వింటుండగా నన్ను తిట్టాడు. ఆ తిట్టు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. చెప్పేటప్పుడు మధ్యలో తొందరపెడితే నాకు గిట్టదు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు ఎండాకాలం అది. మా ఆయన పేరు మునిరామయ్య. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని అత్త నేర్పింది గానీ, ఈ వయసులో నన్నెవరు అడగొచ్చారు. ఊరందరికీ ఆయన అయ్యవారు. బడిలో భూగోళం చెప్పేవాడు. గోడకు ప్రపంచపటం తగిలించి, బెత్తంతో చూపిస్తూ సముద్రాల పేర్లన్నీ పిల్లలచేత చెప్పించేవాడు. తాను మాత్రం సముద్రం చూసినవాడు కాదు. ముప్పై ఆరేళ్ళు వచ్చేసరికి ఆయన చూసిన పెద్ద నీళ్ళల్లా వానాకాలంలో నిండుగా పారే స్వర్ణముఖి. ఇంటరు ప్యాసైన ఏడాదే వాళ్ళ నాయన, అంటే మా మామ, పోవడంతో చదువు ఆగిపోయింది. ఆ దిగులు మాత్రం ఆగలేదు. అన్నం తింటూ తింటూ చేయి ఆపి గోడవైపు చూస్తుండేవాడు. ఏంది చూస్తావుండావంటే "ఏం లేదులే, చారు బాగుంది" అనేవాడు. చారు బాగుండేది కాదని నాకు తెలుసు, అత్తకూ తెలుసు.

ఆ ఏడు మాఘంలో ఆయన చిన్ననాటి స్నేహితుడు జయరావు వచ్చాడు. కొలంబో రేవులో గుమాస్తా. వాకిట్లో మంచం వేసుకుని ఇద్దరూ పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నారు.

"మద్రాసులో సదవాలంటే హాస్టలు, భోజనం, మనవల్ల గాదబ్బా" అన్నాడు జయరావు. "కొలంబోలో కొత్త యూనివర్సిటీ పెట్టినారు. నీ వయసోళ్ళు కూడా సదువుతా ఉండారు. రేవులో మన తెలుగోళ్ళు శానామంది. వాళ్ళ పిల్లకాయలకు పొద్దున్నే రెండుగంటలు అక్షరాలు సెప్తివంటే, నీ తిండీ పడకా వాళ్ళే సూసుకుంటారు. అర్జీ పెట్టు, తక్కింది నేను సూస్తా."

ఆయన అర్జీ పెట్టాడు. ఆ సంగతి వీధిలో తెలిసి నవ్వనివాళ్ళు లేరు. "పలకా బలపం కొనియ్యాలా అయ్యవారూ?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నగరిలో మా పెదమామ కుప్పయ్య నా ఎనిమిదో ఏట టీతోటల పనికని ఆ దీవికే పోయాడు. వచ్చే ఆడి నెలకు వస్తానని పోయినవాడు మళ్ళీ రాలేదు. జాబూ లేదు, కబురూ లేదు. మా పెద్దత్త పొద్దున లేచి అద్దం ముందు కూర్చుని, బొట్టు పెట్టుకోవాలా వద్దా అని చేత్తో కుంకుమ పట్టుకుని ఆలోచించడం నా కళ్ళతో చూశాను. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది అత్తా, ఆయనా, నేనూ. ఆయన పోతే వస్తాడో రాడోనన్న భయం నన్ను లోపల్లోపల తినేస్తుండేది. ఆ మాట ఆయనతో అనడానికి నోరు రాలేదు. చదువు మీద అంత ఆశ పెట్టుకున్న మనిషితో ఏమని అనేది?

వైశాఖంలో గంగమ్మ జాతర వచ్చింది. మంగళవారం మధ్యాహ్నం నేను పెరటివైపు వసారాలో మిరపకాయలు దంచుతున్నాను. ఆయన బడికి పోయాడు. పోస్టాయన సైకిలు దిగి పొడుగాటి కవరొకటి నా చేతిలో పెట్టాడు. స్టాంపు బిళ్ళ మీద రాజుగారి తల, పక్కన కొబ్బరిచెట్లు. ఆయన పెళ్ళైన కొత్తలో నాకు తెలుగు చదవడం నేర్పాడు గానీ ఇంగ్లీషు నాకు రాదు. రాకపోయినా అదేమిటో తెలిసింది.

అబద్ధమెందుకు, దాచాలనే దాచాను. కారం జాడీ వెనక పెట్టాను. శాశ్వతంగా కాదు, జాతర అయ్యేదాకా. ఆ రాత్రే చాటింపు. మా ఊరి కట్టు మీకు తెలియకపోతే చెబుతాను. గంగమ్మ జాతర అని డప్పు కొట్టి చాటింపు వేశాక, ఏడోరోజు జాతర ముగిసేదాకా ఊరివాళ్ళెవరూ పొలిమేర దాటకూడదు. బయటి ఊళ్ళో రాత్రి పడుకోకూడదు. కాబట్టి ఇంకో వారం ఆయన ఎక్కడికీ పోలేడు. జాబు వారం ఆలస్యంగా ఇస్తే ఆ వారం రోజులైనా మనిషి నిమ్మళంగా నా ఎదుట ఉంటాడు. నా లెక్క అంతే. అందులో తారీకు ఒకటి ఉంటుందని నా మొద్దుబుర్రకు తట్టలేదు.

రాత్రి డప్పు మోగింది. ఆయన వాకిట్లో నిలబడి ఆ చప్పుడు దూరమయ్యేదాకా విని లోపలికి వచ్చాడు. ఆ పూట నేను ఇష్టంగా అన్నం పెట్టాను. ఆయన సగం తిని లేచాడు.

మరుసటిరోజు బైరాగి వేషాలు. వీధినిండా తెల్లసుద్ద పూసుకున్న మగవాళ్ళు, డప్పులు, వేపమండలు. బడికి సెలవు. ఆయన పొద్దున్నుంచి అరుగు మీద కూర్చుని పోస్టాయన కోసం చూశాడు. పోస్టాయన మా ఇల్లు దాటి పోయాడు. కాసేపటికి ఆయన లోపలికి వచ్చి, గోడకున్న పటం తీసి చుట్టచుట్టి, దూలం మీద పెట్టాడు.

"ఈపాటికి జాబు రావాల్సిందమ్మా" అన్నాడు వాళ్ళమ్మతో. "రాలేదంటే నన్ను వద్దనుకున్నట్టే. పోనీలే. నాకు మాత్రం ఏం తక్కువయింది ఈడ."

అని నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. పెరటివైపు పోయి, జాడీ వెనకనుంచి కవరు తీసి, కొంగుతో తుడిచి తెచ్చిచ్చాను.

"ఇప్పుడే ఇచ్చిపోయినాడు. పెరటి సందులో ఎదురుపడినాడు" అన్నాను.

ఆయన కవరు అందుకున్నాడు. ముందువైపు చూశాడు, వెనకవైపు తిప్పి చూశాడు. వెనకవైపు కాస్త ఎక్కువసేపే చూశాడు. నా మొహం వైపు చూడలేదు. రెండు తుమ్ములు తుమ్మి, చించి చదివాడు.

"శనివారం పొద్దున పదిగంటలకు కొలంబోలో పెద్దల ముందర హాజరు కావాలంట. అప్పుడు మాట్లాడి సీటు ఇచ్చేదీ లేనిదీ చెప్తారంట."

"ఏ శనివారం?" అన్నాను.

"ఈ శనివారమే." వేళ్ళు మడిచాడు. "రేపు పొద్దున బండెక్కితే రాత్రికి విల్లుపురంలో ఓడకు కలిపే బోట్‌మెయిలు రైలు. శుక్రవారం ధనుష్కోడిలో ఓడ. శనివారం తెల్లారేటప్పటికి కొలంబో." వేళ్ళు విప్పేశాడు. "చాటింపు పడింది గదా. మనకు రాసిపెట్టి లేదు."

అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది. పొమ్మనదని మాకు తెలుసు. మామ చింతపండు బేరం ఉందని చాటింపు పడ్డాక చంద్రగిరి పోయి, రాత్రి ఆడనే పడుకుని వచ్చాడట. ఆ ఆషాఢంలోనే జ్వరంతో పోయాడు. అప్పట్నుంచీ అత్తకు ఆ కట్టు అంటే కట్టే. కొడుక్కు తల్లి మాట దాటడం తెలియదు. బ్రతిమాలనూ లేదు, వాదించనూ లేదు. పోయి అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో పోయే వేషగాళ్ళు ఆయన్ను చూసి చిందులు వేస్తుంటే, వాళ్ళకు దండం పెడుతున్నాడు.

సాయంత్రం అత్త పెరట్లో అంబలికి రాగులు విసురుతోంది. నేను పోయి తిరగలికి అటుపక్క కూర్చున్నాను. నేనూ ఓ చేయి వేసి నాలుగు గుప్పెళ్ళు విసిరాను. చివరికి కళ్ళు మూసుకుని అనేశాను.

"అత్తా, ఆ జాబు నిన్ననే వచ్చింది. నేనే దాచిపెట్టినాను."

తిరగలి ఆగలేదు. "తెల్సు" అంది.

"తెల్సా?"

"పోస్టాయప్ప సైకిలు గంట నాకు మాత్రం ఇనపడదా మే? నువ్వు కారం జాడీ జరిపిన సప్పుడు కూడా ఇన్నాను."

"మల్ల ఏమిటికి అడగలేదు?"

ఆమె ఇంకో గుప్పెడు రాగులు పోసింది. "వాడు పోవాలని నాకు మాత్రం ఉండాదా?" అంది. ఆ మాటతో మా ఇద్దరికీ ఒకేసారి ఏడుపు వచ్చింది. పిండి తడుస్తుందని ఆమె పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. పదిహేనేళ్ళ కాపురంలో మేమిద్దరం కలిసి ఏడ్చింది అదే మొదలు. అంతవరకూ ఎవరి ఏడుపు వాళ్ళదే.

కాస్త తెరిపిన పడ్డాక అత్త అడిగింది. "రేపు ఏం వేషం మే?"

"బండ వేషం."

"పక్కింటి చెంగల్రాయుడిని పిల్చుకోని రా."

చెంగల్రాయుడు జట్కా తోలేవాడు. ఏటా బండ వేషం కట్టేవాడు. ఆ వేషానికి ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, కాటుక బొట్లు పెట్టుకుని, తలకు పూలదండ చుట్టుకుని, ఎదురైన ప్రతివాణ్ణీ తిట్టాలి. అది గంగమ్మకు మొక్కు. తిట్లు తిన్నవాళ్ళు చేతులు జోడించి తలవంచుకుంటారు. ఆ ఏడంతా మంచి జరుగుతుందని నమ్మకం. చెంగల్రాయుడి తిట్లు వినడానికి పక్క వీధులవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు.

అతను వచ్చి నిలబడ్డాడు. అత్త కొడుకును కూడా పిలిచింది.

"వేషం కట్టినోడు ఆ పొద్దుకు మన మనిషా, గంగమ్మ తల్లి మనిషా?" అని అడిగింది.

"ఆయమ్మ మనిషే పెద్దమ్మా" అన్నాడు చెంగల్రాయుడు.

"ఆయమ్మకు పొలిమేర కట్టుండాదా?"

"ఆయమ్మకు యాడిది పెద్దమ్మా. ఆయమ్మదే గదా పొలిమేర."

"అయితే మునిరాముడు రేపు బండ వేషం కట్టి, గుడికాడ మొక్కుకోని, ఆ వేషంతోనే రైలెక్కతాడు. పొలిమేర దాటినంక కడుక్కుంటాడు."

చెంగల్రాయుడు తల గోక్కున్నాడు. "వేషంతో రైలెక్కినోళ్ళు ఎవురూ లేరే."

"ఎక్కగూడదని ఎవురన్నా సెప్పినారా?"

"సెప్పలేదు."

"అయితే ఎక్కొచ్చు." ఆమె కొడుకు వైపు తిరిగింది. "మీ నాయన వేషం లేకుండా పోయినాడు నాయనా. నువ్వు అట్ల పోవాకు."

ఆయన వాళ్ళమ్మ మొహం వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "వేషం కడితే తిట్టాల గదమ్మా. నాకు తిట్లు రావే" అన్నాడు.

"నేర్చుకో" అంది అత్త. "సదువుకే గదా పోతా ఉండావు."

మరుసటిరోజు తెల్లవారకముందే చెంగల్రాయుడు కుంకుమ గిన్నెతో వచ్చాడు. తాను వేషం కట్టుకుంటూనే మా ఆయనకూ కట్టాడు. కుంకుమ పూస్తూ ఒక్కొక్క తిట్టూ నేర్పాడు. మా ఆయన బడిపిల్లాడిలా పెదవులు కదిలిస్తూ గుర్తుపెట్టుకున్నాడు. కొన్నింటికి అర్థం అడిగి, అర్థం తెలిశాక వద్దన్నాడు. ఆయన చొక్కా, పంచె, సర్టిఫికెట్లు రేకుపెట్టెలో సర్ది నేను పట్టుకున్నాను. గుడి దగ్గర అంబలి తాగి, మొక్కుకుని, ఆడనుంచి స్టేషనుకు నడిచాము. ముందు డప్పు, వెనక ఇద్దరు ఎర్రటి మనుషులు, ఆ వెనక పెట్టె మోస్తూ నేను, నా వెనక అత్త.

దారిలో మొదటగా ఆయనకు ఎదురైంది మిఠాయి అంగడి సుందరరాజు. "ఒరే సుందరరాజూ" అని మొదలుపెట్టి ఆగిపోయాడు మా ఆయన. చెంగల్రాయుడు మోచేత్తో పొడిచాడు. "నువ్వు... నువ్వు బడిలో ఎక్కాలు అప్పజెప్పలేదురా ఎదవా, ఇప్పుడు జనానికి తూకం తక్కువేస్తా ఉండావు" అన్నాడు. సుందరరాజు నవ్వాపుకోలేక వంగి దండం పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆయనకు ధైర్యం వచ్చింది. స్టేషను చేరేసరికి గొంతు విప్పాడు. టిక్కెట్లు ఇచ్చే అరవాయన కొత్తవాడు. ఒంటినిండా ఎర్రగా ఉన్న మనిషి కిటికీలోనుంచి "విల్లుపురానికి ఒకటి ఇయ్యరా నిద్రమొగమోడా" అనేసరికి బిత్తరపోయాడు. కూలీలు అరవంలో విషయం చెప్పి చేతులు జోడింపజేశారు.

ప్లాట్‌ఫారం మీద ఆయన వరసబెట్టి తిట్టాడు. చెంగల్రాయుడిని, వాడి గుర్రాన్ని, ఇంజను డ్రైవర్ని, చివరికి "కొడుకును దీవికి తరిమే రాకాసీ" అని వాళ్ళమ్మను కూడా. అత్త సంతోషంగా తలవంచింది. తర్వాత నా ముందుకొచ్చాడు.

నోరు తెరిచి, తలకున్న పూలదండ సర్దుకున్నాడు.

"నన్ను కూడా తిట్టయ్యా" అన్నాను. "ఎదురుగా నిలబడినోళ్ళను తిట్టకుండా పోగూడదు."

నిజంగా తిట్టాలనే కోరుకున్నాను. దొంగతనం చేసినదాన్ని. ఎవరైనా రెండు మాటలు అంటే ఆ బరువు దిగుతుందనిపించింది. ఆయన నా చేతిలో పెట్టె తీసుకుని, కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. గంట కొట్టారు. గబగబా పోయి బండెక్కాడు. నాకు తిట్లు కూడా పెట్టకుండా పోతున్నాడే అనుకున్నాను.

బండి కదిలింది. పది గజాలు పోయిందో లేదో, ఆయన తలుపులో నిలబడి, మా వీధిలో ఎవరూ ఎన్నడూ విననంత గొంతుతో అరిచాడు.

"ఒసే వనజాక్షీ. మంగళారం వచ్చిన జాబును బుధారం ఇచ్చిన దొంగమొగమా. కవరు మీద పోస్టాఫీసోళ్ళ ముద్ర ఉంటాదని తెలీదటే మొద్దుదానా. కారం జాడీ యెనక దాస్తే తుమ్ములు రావనుకున్నావా. ముక్కు మండిపోయింది గదే నాకు."

ప్లాట్‌ఫారం అంతా గొల్లుమంది. అయ్యవారు భార్యను కూడా వదల్లేదని చెప్పుకుని నవ్వారు. ఆయనా నవ్వుతున్నాడు. ఆ ఎర్రటి మొహంలో పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. చేతిలోకి కవరు తీసుకున్న నిమిషంలోనే ఆయనకు తెలిసిపోయింది. రాత్రంతా తెలిసే నా పక్కన పడుకున్నాడు. ఒక్క మాట అనలేదు. కోపం లేదని చెప్పడానికి ఆ మహానుభావుడికి వేషం కావలసి వచ్చింది.

తిట్లు తిన్నవాళ్ళు దండం పెట్టి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. కుచ్చిళ్ళు ఎగ్గట్టి బండి వెంట పరిగెత్తాను. "తిరిగి రాకపోతే నీ కాళ్ళు ఇరగ్గొడతా. ఇనపడిందా? వస్తావా రావా?" అని అరిచాను. నాలుగు నెలలుగా అనలేనిది అదే. సరిగ్గా అప్పుడే ఇంజను కూత పెట్టింది. నా మాట దాంట్లో కలిసిపోయింది. ఆయన చేయి ఊపుతూనే ఉన్నాడు.

అత్త వెనకనుంచి వచ్చి నా కొంగు పట్టుకుంది. "ఆయమ్మకు ఎదురు తిట్టగూడదు మే" అంది. ఆ కొంగుతోనే తన మొహం తుడుచుకుంది.

పదిహేను రోజులకు మొదటి ఉత్తరం వచ్చింది. అప్పటికి మామిడికాయలు అయిపోవచ్చాయి, తొలకరి పడింది. ఆ తర్వాత మూడేళ్ళలో ఎన్నో ఉత్తరాలు వచ్చాయి. ఆ ఎండాకాలంతో మా ఇంటి తీరే మారిపోయింది. మూడేళ్ళపాటు ఆ ఇంట్లో మేము అత్తాకోడళ్ళం కాము, ఒకే గిన్నెలో కలుపుకుని తిన్న ఇద్దరు ఆడవాళ్ళం. ఆయన పట్టా పుచ్చుకుని దిగేసరికి చెవుల పైన జుట్టు తెల్లబడింది, మాటకు ముందు రెండు సింహళం ముక్కలు వచ్చేవి. అవన్నీ బాగానే గుర్తున్నాయి. కానీ నాకు ఇష్టమైనది ఆ మొదటి ఉత్తరమే.

అరుగు మీద కూర్చుని అత్తకు చదివి వినిపించాను. పాకాలలో బండి ఆగినప్పుడు రెండు బక్కెట్ల నీళ్ళతో కడుక్కున్నాడట. చెవుల వెనక ఎరుపు పోలేదట. కొలంబోలో పెద్దలు ముగ్గురు కూర్చున్నారట. వాళ్ళలో ఒక ముసలాయన దెబ్బ తగిలిందా అని అడిగితే, ఈయన జాతర సంగతంతా చెప్పాడట. భూగోళం పావుగంట అడిగి, గంగమ్మను గురించి అరగంట అడిగారట. సీటు ఇచ్చారట. మొదటిరోజు క్లాసులోకి పోతే పందొమ్మిదేళ్ళ పిల్లకాయలంతా మేష్టరనుకుని లేచి నిలబడ్డారట. ఈయన సిగ్గుపడుతూ పోయి ఆఖరి బల్ల మీద కూర్చున్నాడట. కూరలన్నిట్లో కొబ్బరేనట. వానకు పంచెలు ఆరడం లేదట. ధనుష్కోడిలో ఒకపక్క సముద్రం పడుకున్నట్టుందట, ఇంకోపక్క ఎగిరెగిరి పడుతోందట. పటంలో రెంటికీ ఒకే నీలం రంగు వేసి ఇన్నేళ్ళు పిల్లలకు తప్పు చెప్పానని రాశాడు.

అత్త ప్రతిదానికీ ఊ కొడుతూ వింది. ఆఖరి రెండు వరుసల దగ్గర నేను ఆగిపోయాను.

"ఇంగేమి రాసినాడు?" అంది.

గొంతు సవరించుకుని చదివాను. "బండి కూతలో నీ మాట నాకు వినపడలేదనుకుంటూ ఉంటావు. చంద్రగిరి దాటినా వినపడుతూనే ఉంది. వస్తాను."

అత్త కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది. "మల్ల సదువు" అంది.

చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను. నాలుగోసారి నేనే మొదలుపెట్టబోతే చేయి అడ్డం పెట్టింది.

"ఇంగ సాలు మే" అంది. "నాకూ ఇనపడింది."